పెసరట్టు పెట్టిన ఇంట ఓటు పడదు

గంటివారిపేట బుల్లబ్బాయి అబద్ధాలాడతాడని అనేవాళ్ళు అతన్ని సరిగ్గా ఎరగరు. ఉన్న నిజాన్నే పదిమందికి సరిపడేలా కాస్త నీళ్ళు పోసి మరిగిస్తాడు, అంతే. పదో తరగతి తను తప్పలేదట. అతని లెక్కల పేపరు దిద్దిన మాస్టారు ఆ జవాబులు చూసి, ఈ కుర్రాడికి చెప్పేంత చదువు ఈ దేశంలో లేదని ఉద్యోగం మానేసి కాశీకి పోయాడట. ఆ పెద్దమనిషి మీద జాలితోనే బుల్లబ్బాయి చదువు చాలించాడు. మరోసారి గాలివానకి సైకిలుతో సహా లేచిపోయి, ద్రాక్షారామం భీమేశ్వరస్వామి గోపురం చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి, గాలి తిరగ్గానే అదే దారిన ఇంటి ముందు దిగాడు. చెప్పులు మాత్రం పద్ధతిగా గుడి బయటే వదిలాడట.

ఇంతటి ఘనుడు బతుకుతెరువుకి చేసేది సైకిళ్ళు అద్దెకివ్వడం. మండపేట నుంచి వచ్చే ఆర్టీసీ బస్సుకి గంటివారిపేటే ఆఖరు. అక్కడ దిగినవాళ్ళు లోపలి ఊళ్ళకి పోవాలంటే బుల్లబ్బాయి కొట్లో సైకిలు తీసుకోవాలి, తీసుకునే ముందు ఒక కథ వినాలి. కథకి అద్దె లేదు.

రెండువేల సంవత్సరం వానల్లో, ఎత్తగూడనంత ధాన్యం ఎత్తిన లారీ ఒకటి ఊరి మొగలో పంటకాలవ బోదె మీదున్న కల్వర్టుని ఒక పక్కకి కుంగదీసి పోయింది. ఆ లారీ మిల్లు యజమాని చంద్రరావు గారిదని ఊరందరికీ తెలుసు. ఎవరూ అనరు. ఎదురుపడితే నమస్కారం పెట్టే మనిషిని పట్టుకుని ఎలా అంటారు? మర్నాడు బస్సు డ్రైవరు కల్వర్టు ముందు బండాపి, దిగి, వంగి చూసి, బోదెలో ఉమ్మేసి, వెనక్కి తిప్పుకుని పోయాడు. ఆ పోవడం పోవడం మళ్ళీ రాలేదు.

బస్సు పోతే వెనకాలే ఊరు కూడా పోతుందని ఎవరూ అనుకోలేదు. మంగళవారం సంత పక్కూరికి మారింది. ఇడ్లీ హోటలు మూతబడింది. మంగలి వెళ్ళి మండపేట బస్టాండు ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ఊళ్ళో మగాళ్ళ జుట్టు చూసి, ఎవరు మండపేట వెళ్ళి ఎన్నాళ్ళయిందో చెప్పెయ్యొచ్చు. బుల్లబ్బాయి కొట్లో సైకిళ్ళు గాలి దిగిపోయి, గోడకి జారగిలబడి, పింఛనుకొచ్చిన ముసలాళ్ళలా నిలబడ్డాయి.

భార్య తలుపులమ్మ ఏడాది ఓపిక పట్టింది. ఆ తర్వాత ఒక పూట కంచం ముందు పెట్టి, తేల్చి చెప్పింది.

"మా అన్నయ్య మండపేటలో ఒక మిల్లులో కాటా దగ్గర పని చూశాడండి. దసరా దాకా చూస్తాను. బస్సొస్తే ఇక్కడుంటాం. రాకపోతే మండపేట."

బుల్లబ్బాయి కంచం పక్కకి జరిపాడు. పనంటే భయం కాదు. మిల్లులో మర తిరుగుతుంటే పక్కవాడు అరిచినా వినపడదు. రోజంతా నోరు మూసుకుని కాటా ముల్లు చూస్తూ కూర్చోవడమంటే, అతని మటుకు అది ఉద్యోగం కాదు, యావజ్జీవం.

కల్వర్టు సంగతి అడగడానికి మండల పరిషత్తు ఆఫీసుకి వెళ్ళొచ్చాడు. పక్క కొట్లో మిషను కుట్టే విజయ్ పాల్, అతనూ ఒకే బెంచీ మీద పదో తరగతి తప్పిన స్నేహితులు. తేడా ఏమిటంటే, విజయ్ పాల్ తప్పానని ఒప్పుకుంటాడు.

"ఏమన్నార్రా?" అన్నాడు విజయ్ పాల్, దారం పళ్ళతో కొరుకుతూ.

"మీ ఎంపీటీసీ చేత చెప్పించండి అన్నారు."

"మన ఎంపీటీసీ గెలిచిన రోజు కనపడ్డాడు. మళ్ళీ ఫొటోలోనే."

"అదే నేనైతేనా? బస్సేంటి, గోదావరి బ్రిడ్జి మీద పోయే రైలుని ఇటు మళ్ళించేద్దును."

"అయితే వెయ్యరా నామినేషను! ఎలక్షన్లు వచ్చాయిగా. ఎన్నాళ్ళని నోటితో గెలుస్తావు? ఒకసారి ఓట్లతో గెలువు చూద్దాం."

అక్కడున్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. నవ్వకపోయుంటే బుల్లబ్బాయి ఊరుకునేవాడు. నవ్వారు గనక వేసొచ్చాడు.

గుర్తు దగ్గర మొదటి దెబ్బ తగిలింది. సైకిలు ఇమ్మన్నాడు. అది అప్పటికే ఒక పెద్ద పార్టీది. ఆ పార్టీ తరఫున నిలబడింది ఎవరో కాదు, చంద్రరావు గారే. "పోలింగు అయ్యేదాకా మీ కొట్టు మీద గోనెపట్టా కప్పాలండి, లేకపోతే అవతలి వారి ప్రచారం కిందకొస్తుంది" అన్నాడు ఎలక్షను ఆఫీసరు. ఇన్నేళ్ళుగా చంద్రరావు గారికి ఊళ్ళో అందరికంటే ఎక్కువ ప్రచారం చేసింది తనేనని అప్పుడు వెలిగింది బుల్లబ్బాయికి. అతనికి గ్యాసు పొయ్యి గుర్తు వచ్చింది. సొంత సైకిళ్ళన్నిటినీ గోనెపట్టా కింద దాచేసి, వీధి వీధీ కాలినడకన బయల్దేరాడు.

ముందు వీరాస్వామి గారింటికి. ఊళ్ళో ట్రాక్టరున్న మోతుబరి ఆయన.

"రండి రండి, బుల్లబ్బాయి గారండీ! ఏమే, పీట వెయ్యి, పెసరట్టు వెయ్యి!"

"తినడానికి రాలేదండి. ఓటుకొచ్చానండి."

"ఆయ్! ఓటు మీరు అడగాలేంటండి? మా ఇంట్లో ఓట్లన్నీ మీవేనండి. మీకు కాకపోతే ఇంకెవరికండి? అల్లం పచ్చడి వేసుకోండి. ఏమే, ఉప్మా పెట్టలేదేం?"

ఆ పక్కింట్లో అంగన్‌వాడీ టీచరు సత్యకుమారి గారు. "మీ గుర్తు పొయ్యే కదండి? మా పొయ్యి మీద కాఫీ తాగకుండా వెళ్ళిపోతారేంటండి, అపశకునం కాదూ?" అని కాఫీతో పాటు గిన్నెడు జున్ను కూడా ముందు పెట్టింది. ఆ పై ఇంట్లో ఆవడలు. ఆ పైన పనసపొట్టు కూరతో భోజనం. పోలింగు దగ్గరపడేసరికి బుల్లబ్బాయి చొక్కా గుండీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేశాయి. పాంప్లెటు మీది ఫొటో చూసి, "ఈయన మీ తమ్ముడాండి?" అని అడిగిందొక అవ్వ.

ఊరు మొత్తంలో అమర్యాద జరిగింది ఒక్క విజయ్ పాల్ ఇంట్లోనే. అతని భార్య ప్రసన్నకుమారి అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ తలైనా ఎత్తలేదు.

"ఓటా? ఆ, వేస్తాలే. కాస్త అడ్డు లెగు, వెలుతురు రానియ్యి."

మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. చర్చి వెనక వీధి మొత్తం అదే వరస. ఒకావిడ వెయ్యకపోతే ఎక్కడికి పోతామంది. ఒకాయన ఓటు మాట ఎత్తకుండా, ముందు నా సైకిలు పంచరు సంగతేంటన్నాడు. బుల్లబ్బాయి మనసు చివుక్కుమంది.

"మీ వీధి డౌటేరా" అన్నాడు విజయ్ పాల్‌తో. "పోనీలే, వీరాస్వామి గారి వీధొకటి చాలు. మెజారిటీ ఎక్కడ పెట్టుకోవాలో చూసుకోవాలి."

ఆ వారమే చంద్రరావు గారు తెల్ల లాల్చీతో బుల్లబ్బాయి ఇంటికే ఓట్లకొచ్చారు. పోటీదారు ఇల్లని ఆయన మానలేదు. మానితే ఆ ఇంటిని చిన్నచూపు చూసినట్టు. తలుపులమ్మ గారెల పిండి రుబ్బి వేయించి పెట్టింది. ఆయన తిని, చెయ్యి తుడుచుకుని, "మీ రెండోట్లూ..." అన్నారు.

"మీరు రావాలేంటండి? కబురంపితే సరిపోను! మా రెండోట్లూ మీవేనండి" అన్నాడు బుల్లబ్బాయి.

ఎదురుగా నిలబడ్డది తనేనన్న సంగతి అతనికి గుర్తుంది. కానీ ఇంటికొచ్చిన మనిషి మొహం మీద కాదని ఎలా అంటాడు?

"సంతోషం. నా ఓటు కూడా మీకే అనుకోండి" అన్నారు చంద్రరావు గారు, అంతే పెద్ద మనసుతో.

ఆయన గుమ్మం దాటాక తలుపులమ్మ గారెల పళ్ళెం తీస్తూ అడిగింది.

"మన ఓట్లు ఆయనకి వేస్తామాండి?"

"పిచ్చిదానా! ఏదో మర్యాదకన్నాను."

"మరి గారెలు?"

"అవీ మర్యాదకేనే."

"మరి ఇన్నాళ్ళుగా మీరు ఊరంతా తిరిగి తింటున్నవి?"

బుల్లబ్బాయి పళ్ళెంలో మిగిలిన గారె తీసి నోట్లో పెట్టుకున్నాడు. నములుతూ, "మన సంగతి వేరు" అన్నాడు. ఎలా వేరో మాత్రం చెప్పలేదు.

లెక్కింపు రోజున మెళ్ళో వేయించుకోడానికి బంతిపూల దండ తనే కొనుక్కుని, సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. దండ సంచిలోనే వాడింది. వీరాస్వామి గారి వీధి ఓట్లు పడిన పెట్టెలో సొంత ఇంటి రెండోట్లు తప్పితే పొయ్యి అంటుకోనే లేదు. సత్యకుమారి గారి జున్ను ఇంకా నాలిక మీదుంది. ఓటు మాత్రం సైకిలెక్కి పోయింది. ఆ రెండూ కాక బుల్లబ్బాయికి పడ్డవల్లా మంచినీళ్ళైనా ఇవ్వని వీధి ఓట్లు. డిపాజిట్టు పోయింది. "ఇంత తక్కువ ఓట్లు తెచ్చుకోవడం ఆషామాషీ కాదురా. ఇంకెవడైనా అయితే పొరపాటునైనా నాలుగెక్కువ పడేవి" అన్నాడు తిరుగుదారిలో. విజయ్ పాల్ నవ్వలేదు. స్నేహితుడు నవ్వకపోవడం చూశాక బుల్లబ్బాయికి నిజంగా ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చేసరికి తలుపులమ్మ అటక మీంచి గిన్నెలు దింపుతోంది. దసరా ఎంతో దూరం లేదు.

మర్నాడు పొద్దున్న పాలకని బయటికొచ్చాడు బుల్లబ్బాయి. చిత్రం, వీధిలో పిట్ట లేదు. అతను అడుగు పెట్టగానే ఎదురింటి తలుపు మెల్లగా మూసుకుంది. సత్యకుమారి గారు ముగ్గు సగంలో వదిలేసి లోపలికి పరుగెత్తింది. వీరాస్వామి గారైతే పాకలోకి దూరి దూడ వెనకాల కూర్చున్నారు. దూడ చిన్నది, ఆయన పెద్దవారు. తల మీద తలపాగా, కింద పంచె, మధ్యలో దూడ కనిపిస్తున్నాయి.

ఓడిపోయినవాడు మొహం దాచుకోవాలి. ఇక్కడ ఓడించినవాళ్ళు దాచుకుంటున్నారు!

బుల్లబ్బాయి నడివీధిలో అలాగే నిలబడిపోయాడు. ఈ ఊరివాళ్ళు చాటున ఓటు వెయ్యకుండా ఉండగలరు. మొహం మీద కాదనలేరు. ఒకసారి కాదనలేకపోయినవాళ్ళు, మాట తప్పాక రెండోసారి అసలు కాదనలేరు. పాల చెంబు గోడ మీద పెట్టేసి ఇంట్లోకి పరుగెత్తాడు.

"ఆ గిన్నెలు దింపడం ఆపవే! నా ఇస్త్రీ చొక్కా ఏదీ?"

"ఇంకెందుకండీ?"

"ఓటేసినందుకు ఊరికి థాంక్సు చెప్పాలి."

"ఎవరేశారనండి?" అంది తలుపులమ్మ. అని, ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చొక్కా తనే తెచ్చిచ్చింది.

బుల్లబ్బాయి నేరుగా వీరాస్వామి గారి పాకలోకి వెళ్ళి దూడకి ఇవతల చతికిలబడ్డాడు.

"వీరాస్వామి గారండీ, మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేనండి. ఊరంతా మాట తప్పినా మీ ఇంట్లో ఓట్లన్నీ నాకే వేశారు."

వీరాస్వామి గారికి చెమటలు పట్టాయి. "అబ్బే... దాందేముందండి... మన మనిషి..." అంటూ దూడ చెవి నలిపారు.

"అంత చేసిన వారిని ఇంకోటి అడగాలంటే సిగ్గుగా ఉందండి."

"అడగండి! అడగండి!" మాట మారితే చాలన్నట్టు ఆయన లేచి నిలబడ్డారు.

"కల్వర్టు దగ్గరకి గ్రావెలు తోలాలండి. ట్రాక్టరు ఒక్కరోజు..."

"ఒక్కరోజేంటండి, పని అయ్యేదాకా ఉంచుకోండి! డీజిలు నాదేనండి! ఏమే, పెసర..."

"పెసరట్టు వద్దండి" అన్నాడు బుల్లబ్బాయి గబుక్కున.

అలా ఇంటింటికీ తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ చేతులు జోడించి, వెయ్యని ఓటుకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఎంత రుచిగా పెట్టి ఎగ్గొట్టిన ఇంట్లో అంత గట్టి సాయం దొరికింది. ఆవడల ఇంటివారు ఇటుకలిచ్చారు. పనసపొట్టు పెట్టినాయన మేస్త్రీని తెస్తానన్నాడు. కాలవ నీళ్ళు వదిలే లస్కరు కూడా పులిహోర పెట్టి మాట తప్పినవాడే. పని జరిగినన్నాళ్ళూ తూము మూసి బోదెలో నీళ్ళు ఆపుతానని ఒట్టేశాడు. ఒక్క ప్రసన్నకుమారి మాత్రం చేట కింద పెట్టి కయ్యిమంది.

"మేం ఓటేశాం కదా! మళ్ళీ సాయం కూడా చెయ్యాలేంటి? వెయ్యని వాళ్ళనడుగు, పో."

ఆఖరికి చంద్రరావు గారి మిల్లుకి వెళ్ళాడు. చంద్రరావు గారు కుర్చీలోంచి లేచి ఎదురొచ్చారు.

"మీకు మాటిచ్చినట్టే మా రెండోట్లూ మీకే వేశామండి" అన్నాడు బుల్లబ్బాయి. "తమరూ మాటిచ్చారు గనక నాకే వేసుంటారు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు ముందు రెప్ప వేసినా అబద్ధం బయటపడుతుంది. లోపల మర తిరుగుతోంది. బుల్లబ్బాయి లారీ మాట ఎత్తలేదు. కల్వర్టు కుంగిపోయిందని మాత్రం, పరాయి ఊరి సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

"సిమెంటు, తూములు నేను పంపుతానండి" అన్నారు చంద్రరావు గారు, కళ్ళు తిప్పుకుని. "డిపో మేనేజరుతో కూడా నేనే మాట్లాడతాను. గెలిచాను కదా, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?"

నాట్లు ముగిసిన వారంలో పని మొదలైంది. లస్కరు మాట నిలబెట్టుకున్నాడు. ట్రాక్టరు తిరిగింది. కుంగిన పక్క తవ్వి, కొత్త తూములు దింపి, ఇటుక కట్టి, గ్రావెలు పోశారు. సాయం చెయ్యనన్న ప్రసన్నకుమారి తట్ట పట్టుకుని అందరికంటే ముందొచ్చింది. అడిగితే, "నువ్వడిగావని రాలేదు, దగ్గరుండకపోతే మీరు పాడుచేస్తారని వచ్చా" అంది. బుల్లబ్బాయి గట్టు మీద నిలబడి, ధవళేశ్వరం ఆనకట్టకి రాళ్ళెత్తిన మా తాత ఏమనేవాడంటే అని మొదలుపెట్టి, కాలు జారి బోదెలో నడుం లోతు బురదలో దిగబడ్డాడు. నలుగురు లాగితే గానీ రాలేదు. నలుగురూ ఓటు వెయ్యనివాళ్ళే గనక లాగడానికి పోటీ పడ్డారు.

దసరాకి ముందే డిపో వాళ్ళు బస్సు పంపారు. ఖాళీగా నెమ్మదిగా దాటించి తెచ్చాడు డ్రైవరు. జనంతో దాటితేగానీ నమ్మలేనన్నాడు. చంద్రరావు గారు కొబ్బరికాయ కొట్టారు. ఎవరి చేతిలోనో ఉన్న మైకు చేతులు మారి బుల్లబ్బాయి దగ్గరకొచ్చింది. "రెండు ముక్కలు మాట్లాడండి" అన్నారు.

బుల్లబ్బాయికి రెండు ముక్కలు మాట్లాడడం జన్మలో చేతకాలేదు. గాలివాన దగ్గర మొదలుపెట్టాడు. గోపురం చుట్టూ రెండో ప్రదక్షిణంలో ఉండగా డ్రైవరు వాచీ చూసుకుని హారను కొట్టాడు. అంతే. మొదటి బస్సు ఎక్కాలని ఊరు ఊరంతా తోసుకుంటూ ఎక్కేసింది. వీరాస్వామి గారు ముందు సీటు పట్టారు. తలుపులమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపింది.

"ఏవండీ! ఎక్కండి!"

"ఉండవే, ఇంకా అసలు విషయానికి రాలేదు!"

బస్సు కదిలింది. మైకు పట్టుకుని బుల్లబ్బాయి ఒక్కడే మిగిలాడు. కల్వర్టు కనపడగానే నోట్లో మాట ఆగిపోయింది. మొహమాటంతో కట్టిన కల్వర్టు. ఇంజినీరు చూడలేదు, కాంట్రాక్టరు లేడు. ఆ బస్సులో తన భార్య ఉంది, ఊరుంది. ముందు చక్రాలు ఎక్కాయి. గ్రావెలు కరకరలాడింది. బస్సు పాత కుంగుడు పక్కకి ఒకసారి ఒరిగినట్టే ఒరిగింది. వెనక చక్రాలు ఎక్కాయి, దిగాయి. కల్వర్టు కల్వర్టులాగే ఉంది. బస్సు మలుపు తిరిగి హారను మోగించుకుంటూ పోయింది.

బుల్లబ్బాయి మైకు కింద పెట్టి, కొట్టు తాళం తీసి, గోనెపట్టా లాగేసి, ఒక్కో సైకిలుకీ గాలి కొట్టడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం అదే బస్సు తిరిగొచ్చింది. ఊరివాళ్ళంతా దిగాక, చేతిసంచి పట్టుకున్న బయటూరి మనిషి ఒకాయన దిగి అటూ ఇటూ చూసి కొట్టు దగ్గరకొచ్చాడు. పురుగుమందుల కంపెనీ తాలూకు మనిషట.

"లోపలి ఊళ్ళకెళ్ళాలండి. సైకిలు అద్దెకి దొరుకుతుందాండి?"

"దొరక్కేమండి!" బుల్లబ్బాయి మొహం చాటంత అయింది. ముక్కాలి పీట ముందుకు జరిపాడు. "ముందలా కూర్చోండి. అసలు ఈ బస్సు ఎలా వచ్చిందో చెప్తాను."

"ముందు సైకిలివ్వండి!" అంది తలుపులమ్మ, వెనకాల నుంచి.